ఏడంతల నిప్పు, మూగబోయిన పీపా

టోకో
ఆగస్టు నెల

ప్రభువునందు ప్రియమైన కత్‌బర్ట్ బావకు, ఓబద్యా వందనాలతో వ్రాయునది.

ముందు ఒక ప్రశ్న. జవాబు చెప్పేదాకా ఈ ఉత్తరం కింద పెట్టకు. ఒక వస్తువును సుత్తితో కొడుతూ పోతే అది మెత్తబడాలా, గట్టిపడాలా? మాంసం కొడితే మెత్తబడుతుంది. ఉప్పుచేపను బండ మీద బాదితే మెత్తబడుతుంది. ఫరో పది తెగుళ్ళు తిని కూడా గట్టిపడ్డాడు. సరే, ఆయన సంగతి వేరు, ఆయన గుండె గట్టిపడుతుందని మోషేకి ముందే చెప్పి ఉంచారు. ఇనుముకి ఏమొచ్చింది బావా? దాని సంగతి ఏ ప్రవక్తా మనకు ముందుగా చెప్పలేదే?

నాకు తెలిసిన ఒక మనిషి ఉన్నాడు. పేరు అడగకు. ఆ మనిషి ఒక ఇనప పీపా అడుగుభాగాన్ని సుత్తితో కొట్టి గిన్నెలా లోపలికి దింపుతున్నాడు, మీ లావెంటిల్ కొండ మీద వాయించుకునే పీపాలకు మీరు చేస్తారే, అలాగే. మొదట్లో అది కొత్త పెళ్ళికూతురిలా తల వంచింది. వారం తిరిగేసరికి అత్తగారైంది. ఎంత కొట్టినా దిగదు. పైగా సుత్తి ఎగిరి వచ్చి నా నుదుటికి తగిలింది. అనగా, ఆ మనిషి నుదుటికి. ఇంకా గట్టిగా ప్రార్థన చేసి కొట్టమనమంటావా, వదిలేయమనమంటావా?

పీపా వాయిద్యం సాతాను వంటపాత్ర అని నేను ఏళ్ళ తరబడి ప్రసంగిస్తున్న సంగతి నీకు తెలుసు. ఆ మాట మీదే ఉన్నాను. ఇది కేవలం ఆ మనిషి ఆత్మక్షేమం కోరి అడుగుతున్నాను.

ముఖ్యమైన సంగతి: మా అక్కకి చెప్పకు. ఎర్మిన్ అక్క చెవిన వేసిన రహస్యం సముద్రం దాటి పక్క దీవి టొబాగోలో వినబడుతుంది.

నీ బామ్మర్ది,
ఓబద్యా


లావెంటిల్
ఆగస్టు నెల

బామ్మర్ది ఓబద్యాకి,

నువ్వు చెప్పిన ఆ మనిషికి అరచేతుల్లో పొక్కులు లేచి ఉంటాయి. కొబ్బరినూనె రాసుకోమను. నుదుటికి కూడా.

ఇక ఇనుము సంగతి. మా బృందంలో సన్నగొంతు పీపా వాయించే పొడుగాయన ఒకడున్నాడు. చమురు శుద్ధి చేసే కర్మాగారంలో గొట్టాలు పరీక్షించే చోట పని. అక్కడ ఇనుము ముక్కలు కటకాల కింద పెట్టి చూస్తారట. వాడు చెప్పిందాంట్లో సగం నాకు అప్పుడే అర్థమైంది, మిగతా సగం రమ్ము పోశాక అర్థమైంది.

ఇనుము లోపల కంటికి కనబడని అణువులు మీ మందిరంలో బల్లల మీద జనంలా వరసలు కట్టి కూర్చుంటాయి. కానీ ఏ మందిరంలో వరసలు సరిగ్గా ఉంటాయి చెప్పు? ఎక్కడో ఒక వరస సగంలో తెగిపోతుంది. లోహం జారేది అక్కడే. దెబ్బ పడగానే వరస మొత్తం లేచి నడవదు. ఆ తెగిన చోటు మాత్రం కాస్త జరగండమ్మా, కాస్త జరగండి అనుకుంటూ ఈ గోడ నుంచి ఆ గోడకి పోతుంది. ఇనుము వంగేది అందుకే. ఆ లోపమే లేకపోతే నీ సుత్తి కాదు కదా, సంసోను దిగొచ్చినా వంచలేడు.

మరి గట్టిపడటం ఎందుకంటావా. కార్నివాల్ జాతరలో మంగళవారం తలుచుకో. పొద్దున్నే వీధిలో ఒక్క తాగుబోతే ఉంటే వాడు తూలుకుంటూ ఎక్కడికైనా పోతాడు. మధ్యాహ్నానికి వీధంతా తాగుబోతులే. ఇక ఒక్కడూ అంగుళం కదల్లేడు, పడదామన్నా పడ్డానికి చోటుండదు. నువ్వు వేసే ప్రతి దెబ్బకీ లోపల కొత్త తాగుబోతులు పుడుతున్నారు, ఒకడికొకడు అడ్డం పడుతున్నారు. అదే గట్టిదనం. అది లేకపోతే పీపాకి గొంతే లేదు. కాబట్టి ఆ మనిషిని కొట్టమను. ఒకేచోట బాదితే మాత్రం చిరిగి ఊరుకుంటుంది.

నీ బావ,
కత్‌బర్ట్

మరో మాట. ఒరేయ్ ఓబద్యా, ఈ అక్షరాలు ఎవరివనుకున్నావు? మీ బావకి సంతకం తప్ప మరో గీత రాదు. నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించింది నేనే. బృందమంతా చేరి వాయించుకునే పీపాల దొడ్డిలో నిలబడి చదివాను, అక్కడ వెలుతురు బావుంటుంది. "ఆ మనిషి" అన్నచోటల్లా దొడ్డిలో ఉన్న అందరూ కలిసి నీ పేరు అన్నారు. టొబాగో వాళ్ళు కూడా అడగమన్నారు, నుదురెలా ఉందని. ఎర్మిన్ అక్క.


టోకో
ఆగస్టు చివర

అక్కకీ, బావకీ, దొడ్డిలో నిలబడి వింటున్న మిగతా అందరికీ వందనాలు.

ఇక దాచి లాభం లేదు. యోనా ఓడ అడుగున దాక్కుంటే అక్కడా దొరికాడు. ఆ మనిషిని నేనే.

ఎందుకు దిగానో వినండి. మా మందిరం ఖాళీ అవుతోంది. కుర్రకారంతా ఆదివారం వచ్చేసరికి బస్సెక్కి సాంగ్రే గ్రాందే పీపాల దొడ్డికి పోతున్నారు. మిగిలింది నేను, డీకన్ ఫిట్జ్‌రాయ్, కొందరు ముసలమ్మలు, గంట. సెప్టెంబరు చివర పంటల కృతజ్ఞతా పండుగకి పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నుంచి ఇస్మే అమ్మగారు వస్తోంది. మన మందిరాలన్నిటికీ ఆమె మాటే శాసనమని తెలుసుగా. బల్లలు ఖాళీగా కనబడితే తాళం వేసి, తాళంచెవి సంచిలో వేసుకుపోతానని కబురు చేసింది. ఉన్నవాళ్ళని మాటెలోట్ మందిరంలో కలుపుతారట. నన్ను అక్కడ గుమ్మం దగ్గర గొడుగులు అందుకునే పనికి పెడతారట. నా చేత్తో కప్పు నేసిన మందిరం అక్కా ఇది. పిల్లలు పీపా దగ్గరికి పోతున్నారు గనుక పీపానే మందిరానికి తెద్దామని నాకు తోచింది. దావీదు వీణ పట్టుకుంటే తప్పు కాలేదు, ఆయనకి పీపా దొరికి ఉంటే వదిలేవాడా?

పీపా ఎక్కడిదని అడుగుతారు. మందిరం చూరు కింద వాననీళ్ళు పట్టేదే. అది మాయమైందని డీకన్ గోల పెట్టి, దొంగను బయటికి రప్పించే ప్రసంగం చెయ్యమన్నాడు. చేశాను. ఎంత నిప్పు కురిపించానంటే, ఒకాయన ఏడుస్తూ లేచి కోడిని పట్టుకుపోయింది తనేనన్నాడు. కోడి గలామె లేచి, ఆయన తోటలో కసావా దుంపలు తవ్వుకుంది తనేనంది. డీకన్ కూడా లేచి, ఏదో అనబోయి, దగ్గి కూర్చున్నాడు. పీపా సంగతి మాత్రం ఎవ్వరూ ఒప్పుకోలేదు. నేను కూడా.

బావ చెప్పిన తాగుబోతుల ఉపమానం మీద ఆ తర్వాతి ఆదివారం ప్రసంగించాను. ఒంటరి పాపి జారిపోతాడు, ఊరినిండా పాపులుంటే ఒకరినొకరు ఆనుకుని నిలబడతారు, టోకో ఇన్నాళ్ళు నిలబడింది అందుకే అన్నాను. రమ్ము దుకాణం వాళ్ళు ఈ మాట విని, తమను పొగిడిన ప్రసంగం ఇదే మొదటిదని వచ్చి వెనక బల్ల నింపారు. డీకన్ అదే రోజు ఇస్మే అమ్మగారికి నా మీద ఉత్తరం రాశాడు.

గిన్నె పూర్తిగా దిగింది. ఏ స్వరం చోటు ఆ స్వరానికి విడదీసే గీతలు కూడా కొట్టాను. వాడుకలో లేని కోకో షెడ్డులో దాచి పెట్టాను. ఇక ఏం చెయ్యాలో చెప్పండి.

ఓబద్యా


లావెంటిల్
సెప్టెంబరు మొదట్లో

బామ్మర్దీ,

కొట్టడం అయ్యాక కాల్చాలి. ఇదొక్కటీ జాగ్రత్తగా విను.

ఇనుములో చిటికెడు బొగ్గు నలుసులు కలిసి ఉంటాయి. కాస్త వేడి తగిలితే అవి మెల్లగా కదిలి, వెతుక్కుంటూ పోయి, ఆ తెగిన వరసల దగ్గరే చేరతాయి. కార్నివాల్ గుంపు మధ్యలో సీమపనస కాల్చి అమ్మే ఆడవాళ్ళు బుట్టలు దించుకుని కూర్చున్నట్టు. ఇక వాళ్ళని దాటి ఏ తాగుబోతు కదులుతాడు? అప్పుడు గొంతు నిలుస్తుంది. అదే మంట ఎక్కువైతే పోలీసులు వచ్చినట్టే. తాగుబోతులు ఇళ్ళకి, బుట్టలు ఇళ్ళకి, వీధి ఖాళీ. ఇనుము పసిబిడ్డలా మెత్తబడిపోతుంది.

కాబట్టి పీపా మీద రంగు చూస్తూ ఉండు. ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత బెల్లం రంగు, తర్వాత నీలం. నీలం రాగానే దించు. ఎర్రబడనిచ్చావో, నీకూ నాకూ చుట్టరికం లేదు.

కత్‌బర్ట్

మరో మాట. తమ్ముడూ, మంట దగ్గర ప్రసంగం పెట్టుకోకు. నువ్వు వాక్యం ఎత్తుకుంటే పొయ్యి మీద అన్నం మాడినా తెలియదు. అమ్మ బతికున్నప్పుడే ఎన్ని గిన్నెలు మాడ్చావో నాకు గుర్తుంది. ఎర్మిన్.


టోకో
సెప్టెంబరు నడుమ

అక్కా, బావా,

నీలం వచ్చింది. ముందది చెబుతాను. ఎంత నీలమంటే, గ్రాండ్ రివియేర్ మలుపు దగ్గర వాన వెలిశాక సముద్రం ఉంటుందే, అంత. దించబోయాను. చేతులకి గుడ్డ చుట్టుకున్నాను కూడా.

సరిగ్గా అప్పుడు బబులోను రాజు గుర్తొచ్చాడు. ఆ ముగ్గురు యువకుల్ని పడవేసిన గుండాన్ని మామూలుకంటే ఏడంతలు వేడి చేయించాడు. వాళ్ళ తలవెంట్రుక కూడా కమరలేదు. దేవుని మందిరంలో మోగబోయే పీపాకి ఒక్క అంత నిప్పు సరిపోతుందా, అని నా ఆత్మ నన్ను అడిగింది. కొబ్బరి డొక్కలు వేశాను. పాత టైరు వేశాను. మందిరంలో కాలు విరిగిన బల్ల వేశాను. అది ఎర్రబడింది, మోషే చూసిన పొదలాగా. నేను చెప్పులు విప్పాను. నేల కాలుతుంటే మళ్ళీ తొడుక్కున్నాను.

చల్లారాక కర్రకి రబ్బరు చుట్టి తట్టాను. థప్ అంది. పక్క స్వరం తట్టాను. థప్. చుట్టూ తిరిగి అన్నీ తట్టాను. తడి గోనెసంచిని కొట్టినట్టుంది. బొటనవేలితో నొక్కితే సొట్ట పడింది. దాని లోపల ఒక్క తాగుబోతు కూడా మిగల్లేదు బావా. అందరూ మారుమనస్సు పొంది ఇళ్ళకి వెళ్ళిపోయారు. అంత నిర్మలమైన పీపాని నేనెక్కడా చూడలేదు, అది దేనికీ పనికిరాదు.

పొగ చూసి డీకన్ పరిగెత్తుకొచ్చాడు.

"ఇది మన నీళ్ళ పీపా కాదూ?"

"అవును."

"అయితే దొంగ దొరికాడా?"

"దొరికాడు."

"ఎవడు?"

"ప్రార్థనలో ఉన్నాను డీకన్. ఆటంకపరచకు."

నేను కళ్ళు తెరిచేదాకా ఆయన అక్కడే నిలబడ్డాడు. చాలాసేపు తెరవలేదు. చివరికి మోకాళ్ళు ఒప్పుకోలేదు, తెరిచాను, చెప్పాను. అమ్మగారికి నా మీద మరో ఉత్తరం ఆయన పోస్టాఫీసు దాకా ఈల వేసుకుంటూ వెళ్ళి వేశాడు.

పండుగ దగ్గరపడింది. కొత్త పీపా లేదు, పాత గొంతు లేదు. మాటెలోట్‌లో వానలెక్కువ అంటారు. గొడుగులకి కొదవుండదు.

ఓబద్యా


లావెంటిల్
సెప్టెంబరు, నీ ఉత్తరం అందిన పూటే

ఓబద్యా,

ఇది నేనే సొంతంగా రాస్తున్నాను. మీ బావ చెప్పే స్థితిలో లేడు. నీ ఉత్తరం "చెప్పులు విప్పాను" దాకా వచ్చేసరికి ఆయన పీపా మీద నుంచి కిందపడ్డాడు. పొడుగాయన లేపబోయి తనూ పడ్డాడు. ఇంకా అక్కడే ఉన్నారు.

నవ్వు ఆగాక నేనడిగాను. "ఏమయ్యా, వాడి గొంతు పోయినట్టేనా?"

"గొంతు ఎక్కడికి పోతుందే? ఖాళీ వీధిని మళ్ళీ నింపలేమా?" అన్నాడు.

"ఎలా నింపుతారు?"

"మొదట ఎలా నింపాడు? కొట్టి. మళ్ళీ కొట్టమను."

ఇదిరా సంగతి. కాలి మెత్తబడ్డ ఇనుము చచ్చినట్టు కాదు, మొదటికొచ్చినట్టు. మళ్ళీ కొడితే వరసలు మళ్ళీ తెగుతాయి, ఒకదానికొకటి అడ్డం పడతాయి, గట్టిపడుతుంది. అయితే రేకు ఈపాటికి పల్చబడి ఉంటుంది. పెద్ద సుత్తి వద్దు. చిన్న సుత్తులతో, తేలికగా, అన్నిచోట్లా సమంగా, ఎక్కువ దెబ్బలు పడాలట. నువ్వొక్కడివే కొడితే వచ్చే ఏడాది పంటల పండుగకి అవుతుంది. ఆ కుర్రాళ్ళని పిలువు. నువ్వు సాతాను పిల్లలని తిట్టావే, వాళ్ళనే. వాళ్ళకి సుత్తి పట్టడం వచ్చు. సిగ్గుపడతావేమో, పడు, పడి పిలువు.

ఆఖర్న కాల్చడం మాత్రం నువ్వు ముట్టుకోవద్దు. బావ లేకుండా అక్కడ ఎవ్వరూ అగ్గిపుల్ల గియ్యకూడదని ఆయన నీ చేత ఒట్టు వేయించుకోమన్నాడు. ఇంకోసారి ఎర్రబడితే ఆ రేకు చిల్లులు పడుతుందట, ఇక కొట్టడానికి కూడా ఏమీ మిగలదు. పండుగ ముందు శనివారం వచ్చి చూడమంటే, అరీమాలో పెళ్ళికి వాయించడానికి మాట ఇచ్చానంటున్నాడు. మాట ఇచ్చింది రమ్ముకో పెళ్ళికో నాకు తెలీదు. మెత్తబరచడానికి చూస్తున్నాను. మీ బావ కూడా కొట్టేకొద్దీ గట్టిపడే రకం.

ఎర్మిన్ అక్క


టోకో
శనివారం పొద్దున, బస్సు డ్రైవర్ హోలిస్ చేతికిచ్చి

బావా, అక్కా, వందనాలు తర్వాత చెబుతాను. ఇది దొడ్డిలో పెద్దగా చదవండి, ఆలస్యం లేకుండా చదవండి.

కుర్రాళ్ళని పిలిచాను. రమ్ము దుకాణం గుమ్మంలో టోపీ తీసి నిలబడి పిలిచాను. "పాస్టరుగారూ, సాతాను వంటపాత్రని మేం ముట్టుకోవచ్చా?" అని ఒకడు అడిగాడు. "గరిటె మీ దగ్గరే ఉంది కదరా, రండి" అన్నాను. వచ్చారు. ఒకరి వెనక ఒకరు, తల్లులు వచ్చారు, కోడి దొంగ వచ్చాడు, కోడి గలామె వచ్చింది. అందరికీ తలా ఒక చిన్న సుత్తి, లేనివాళ్ళకి రాయికి గుడ్డ చుట్టి. వారమంతా కోకో షెడ్డులో వంతులవారీగా కొట్టారు. మధ్యలో ఊపిరి తీసుకున్నప్పుడల్లా నేను వాక్యం చెప్పాను. పారిపోవడానికి వాళ్ళకి చోటు లేదు.

నిన్న మధ్యాహ్నం, చెప్పిన రోజుకంటే ముందే, ఇస్మే అమ్మగారు దిగింది. డీకన్ ఆమెను సరాసరి మందిరంలోకి తీసుకెళ్ళాడు. బల్లలన్నీ ఖాళీ. "చూశారా అమ్మా" అన్నాడట, పళ్ళన్నీ కనబడేలా. ఆమె సంచిలోంచి తాళం తీసిందట. అప్పుడు చప్పుడు వినిపించింది. చేతికర్ర పొడుచుకుంటూ షెడ్డుకి వచ్చింది.

"ఏం నాయనా, జనమంతా ఇక్కడున్నారేమిటి?"

"ఇనుముని గట్టిపరుస్తున్నామమ్మా."

"ఎందుకు, అది నీ ప్రసంగం వినలేదా?"

"విన్నదమ్మా. వినే ఇలా మెత్తబడింది."

ఆమె నవ్వలేదు. నవ్వే అలవాటు లేదు. ఒక పిల్ల చేతిలోంచి కర్ర తీసుకుని తట్టింది. బావా, నీకేం చెప్పను. థప్ అన్నచోట చిన్నగా టం అంది. ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు. షెడ్డంతా ఒక్కసారిగా పీపా మీదికి వంగింది. కోడి దొంగ గట్టిగా ఏడ్చేశాడు, ఆయనకి అదొక అలవాటైంది. డీకన్ కూడా చెవి దగ్గరపెట్టి, మళ్ళీ కొట్టండి అన్నాడు. తర్వాత తను ఆ మాట అనలేదన్నాడు.

అమ్మగారు అందరి ముందూ తీర్పు చెప్పింది. "ఈ జనం ఆదివారం మందిరంలో కూర్చుని, ఈ పీపా గొంతెత్తితే తాళంచెవి ఓబద్యా దగ్గరే ఉంటుంది. థప్ అన్నదంటే నా సంచిలోకి వస్తుంది. షెడ్డు నింపడం మందిరం నింపడం కాదు."

ఇంతవరకూ దేవునికి స్తోత్రం. ఇక ఆపద వినండి. ఇవాళ పొద్దున లేవగానే ఆమె పీపాని కాల్చాలంటోంది. ఎవరో నోరుజారి, తర్వాత కాల్చాలట అని చెప్పారు. కొబ్బరి డొక్కలు పోగు చేయిస్తోంది. రంగు చూసి దించాలమ్మా, మా బావ రావాలి అంటే, "నాకు ఎనభై ఏళ్ళు. మట్టిపొయ్యిలో ఎన్ని రొట్టెలు కాల్చానో నువ్వు లెక్కపెట్టలేవు. నాకు నిప్పు నేర్పుతావా?" అంది. ఆమె రొట్టెల రంగు నాకు తెలుసు. నల్లగా ఉంటాయి, అందరూ బావున్నాయంటారు. డీకన్ టైరు దొర్లించుకొస్తున్నాడు, ఇంత సహాయం ఈ జన్మలో ఎప్పుడూ చెయ్యలేదు.

అందుకని నేను పీపాలో ఎక్కి కూర్చున్నాను. ఈ ఉత్తరం అందులో కూర్చునే రాస్తున్నాను. కుర్రాళ్ళు చుట్టూ నిలబడ్డారు. నేను లేవనంతసేపు నన్నూ కలిపి కాల్చలేరు. ఆ మాట అమ్మగారితో అంటే, ఆమె కాసేపు ఆలోచించింది. ఆ ఆలోచించడం నాకు నచ్చలేదు.

సాయంత్రం ఎండ తగ్గేదాకా గడువిచ్చింది. ఆపైన నన్ను ఎత్తి పక్కన పెడతారు. ఊరంతా వారంపాటు కొట్టి నింపిన వీధి ఒక్క మంటలో ఖాళీ అవుతుంది. రేపు పొద్దున థప్ అంటుంది. ఈ పిల్లలు మళ్ళీ సాంగ్రే గ్రాందే బస్సెక్కుతారు, ఈసారి నేను పిలిచినా రారు.

హోలిస్ బండి మీ కొండ కింద నుంచి మధ్యాహ్నం తిరిగి బయలుదేరుతుంది. నీకోసం ముందు సీటు ఉంచమని చెప్పాను. పెళ్ళికి పొడుగాయన్ని పంపు, పెళ్ళికొడుకు ఎవరు వాయించారో చూసుకునే స్థితిలో ఉండడు. బావా, ఆ నీలం రంగు తెలిసిన కన్ను ఈ ఊళ్ళో ఒక్కటీ లేదు. ఉన్న ఒక్కటీ బబులోను వైపు చూసింది. రేపు రాకు, రేపటికి పని లేదు. అక్కా, ఆయన భోజనానికి కూర్చుని ఉంటే కంచంతో సహా బస్సెక్కించు. లే బావా. ఇవాళే, ఈ బండికే బయలుదేరు.

ఓబద్యా